పేరు చూడని ఫైలు

జబ్బుల కోడ్ల జాబితా మారింది. ఆసుపత్రి రికార్డు గదిలో పాత ఫైళ్లన్నిటికీ నేను కొత్త కోడ్లు వేస్తున్నాను. మా గదిలో జబ్బును చూడాలి, మనిషిని చూడకూడదు. అందుకే పేరున్న పేజీ మడిచి పిన్ను కొట్టి ఉంటుంది. పదిహేనేళ్లలో ఒక్క పిన్నూ తీసి ఎరగను.

ఈ ఫైల్లో ఉన్నది కిడ్నీల్లో నీటితిత్తులు. వంశపారంపర్యంగా వచ్చేది.

పోయిన వారమే మా పాపకు ఇదే జబ్బని తేలింది. "మా వైపు ఎవరికీ లేదు. మీవాళ్లనే అడుగు" అన్నాడు మా ఆయన. అమ్మకు ఫోన్ చేసి నిలదీశాను. "దాచాల్సిన ఖర్మ నాకేంటే" అని ఏడ్చింది.

చివరి పేజీలో డాక్టరు సలహా కింద రోగి తన చేత్తో రాసిచ్చిన మాట ఉంది. 'పెళ్లికి ముందే ఆ అమ్మాయికి నేనే చెబుతాను.' కుడివైపుకు ఒరిగిన ఆ అక్షరాలు మా ఫ్రిజ్ మీది చీటీల్లో రోజూ చూసేవే.

పిన్ను తీశాను. మా ఆయన పేరే.

తేదీ మేమిద్దరం మొదటిసారి కలవడానికి పది రోజుల ముందుది. మూలన పాత కోడు నా చేతిరాతే.

ఆ రోజు పెళ్లిచూపుల్లో నన్ను ఒక్కటే అడిగాడు. "ఫైళ్లలో పేర్లు చూస్తుంటారా?"

"చూడమండి. మాకది దొంగతనంతో సమానం" అన్నాను గర్వంగా.

అప్పటిదాకా మా సంబంధాన్ని నాన్చుతున్నవాడు ఆ పూటే పెళ్లికి సరేనన్నాడు. నా నిజాయితీ చూసే చేసుకున్నానని ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు.