రవళి మర్చిపోయిన పాస్‌వర్డ్

చీకటి పడ్డాక వచ్చిన రవళి నేరుగా లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రింటర్ సెట్టింగుల విండో తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరిందని తల్లి మల్లవ్వ గుండె కుదుటపడింది.

“అడ్మిన్ పర్మిషన్ లేక తెరుచుకుంటలేదు. పాస్‌వర్డ్ యాదికొస్తలేదు, చెప్పవే అవ్వా.”

“ఎవరడిగినా చెప్పకు, చెప్తే కంప్యూటరంతా వాళ్లదైతదంటివి గదనే?”

“నాగ్గూడనా?”

మల్లవ్వ నవ్వి చెప్పింది. ఈసారి విండో మూసుకోలేదు.

అంతలో తలుపు చప్పుడైంది. “అవ్వా, ఘన్‌పూర్‌ల బస్సు లేటయింది. జర తలుపు తియ్యే.”

అదీ రవళి గొంతే. మల్లవ్వ గడియ పట్టుకుని, తియ్యకుండానే అడిగింది.

“నా బిడ్డవైతే పాస్‌వర్డ్ చెప్పు.”

బయటి గొంతు తడుముకోకుండా చెప్పింది.

“తప్పు,” అంది లోపలున్నది, వెనక్కి తిరగకుండానే. “గిప్పుడే మార్చిన. కావాలంటే వచ్చి చూడవ్వా.”

మల్లవ్వ గడియ తియ్యకుండానే వదిలేసి కంప్యూటర్ వైపు నడిచింది.