స్త్రీలింగ నామవాచకం

“తప్పు! ‘బాన్‌ట్రాక్’ కాదు నాయనా, ‘బైన్‌త్రఖ్’. చివర్న గొంతు గీరుకోవాలి.”

గుమ్మంలో నిలబడ్డ డెక్లన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. డబ్లిన్ నుంచి ఈ పడమటి తీరానికి బదిలీ అయి వచ్చిన పోలీసు. ఇక్కడివాళ్ళతో మాట్లాడాలంటే ఐరిష్ రావాలని ప్రతి మంగళవారం సైవ్ దగ్గర పాఠానికొస్తాడు. ఇవాళ శుక్రవారం. ఆమె తలుపు తియ్యగానే ఆ ఒక్క మాట అని ఆగిపోయాడు. మొగుడు పోయినామె అని దాని అర్థం.

“లోపలికి రా. ఎవరికో కబురు చెప్పాలా?”

తలూపాడు.

“నిన్నటి గాలికి తిరిగిరాని పడవ సంగతేనా? అయ్యో, ఏ తల్లో పాపం!” సైవ్ టీకి నీళ్ళు పెట్టింది.

“టీచరమ్మా, చెప్పడం నాకు చేతకావట్లేదు.”

“మాట పుట్టుక తెలిస్తే నోరు అదే తిరుగుతుంది. ‘బన్’ అంటే ఆడది. రెండో సగం, ఇల్లూ పొలమూ నడిపేవాళ్ళకి వెనకటి పేరు. మూల కూర్చుని ఏడ్చేది కాదు, ఇల్లు నిలబెట్టేది అన్నమాట. స్త్రీలింగం. షష్ఠిలో ‘బైన్‌త్రీ’ అని మెత్తబడుతుంది. పెళ్ళాం పోయిన మగాడికైనా ఈ ఆడమాటే, వెనకాల ‘మగవాడి’ అని తగిలిస్తాం. మా ఆయన టైగ్ ఏమంటాడో తెలుసా? ఆ ఆడపేరు తను మొయ్యలేడట, అందుకని తనే ముందు పోతాడట!”

ఆమె నవ్వింది. డెక్లన్ తల దించుకున్నాడు.

సైవ్‌కి జాలేసింది. పాతికేళ్ళు నిండనివాడికి ఎంత పని అప్పజెప్పారు!

“అసలా మాటే వాడకు. మొహాన ముద్ర కొట్టినట్టుంటుంది. చెయ్యి పట్టుకుని ‘ఆయనింక రాడమ్మా’ అను. నాన్చకు, నాన్చేకొద్దీ ఆశ పెరుగుతుంది. ఏదీ, అను చూద్దాం.”

“ఆయన... ఇంక రాడమ్మా.”

“పలకడం బానే ఉంది. ఆ నేలచూపులేంటి? నా కళ్ళలోకి చూసి అను.”

చూశాడు. “రాడమ్మా,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నీవల్ల కాదులే. పద, నేనూ వస్తాను. పక్కన ఆడమనిషి ఉంటే ఆ తల్లికి కాస్త ఆసరా.”

సైవ్ కోటు తొడుక్కుంది. పొట్టేలు కోసం ట్రలీ ఊరి సంతకెళ్ళిన టైగ్ ఈలోగా వస్తే కంగారుపడకుండా బల్లమీద చీటీ రాసిపెట్టి, తలుపు తీసింది.

“ఎవరింటికి?”

డెక్లన్ కదల్లేదు.

“ఈ ఇంటికేనమ్మా.”