జంట దిబ్బల ఊట

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి అంచున, జంట దిబ్బల ఊట గేటు దగ్గర, ఆదివాసీ రేంజర్ డార్లీన్ ఒక ముసలి తెల్లాయన్ని వెనక్కి పంపేసింది.

గేటుకు గొలుసు వేసి ఉంది. ఆయన ట్రక్కు దిగి టోపీ తీశాడు.

"నా పేరు హాల్వర్‌సన్ అమ్మా. ఊట చూసి పోదామని వచ్చాను."

"మూసేశామండీ. మా పెద్దాయన పోయాడు. ఆకుల పొగ వేసి శుద్ధి చేసి తెరిచేదాకా మేమే నీళ్లలో దిగం."

"పోనీ, ఆ దిబ్బెక్కి చూడనా?"

"అది మట్టి దిబ్బ కాదండీ. నీళ్లు మోసుకొచ్చిన సున్నం పేరుకుని రాయయింది. తూర్పు కొండల్లో ఎన్నో వేల ఏళ్ల కిందట పడ్డ వాన, రాతి పొరల కింద నడిచి నడిచి ఇక్కడ పైకొస్తుంది. దాని మీద మీ బూట్లా!"

ఆయన నవ్వాడు. "బాగా చెప్పావు. అడుగున ఇసుక ఎగురుతోందా ఇప్పుడు?"

"ఎగరకేం! నా చిన్నప్పుడు చప్పబడిపోయింది. ఇప్పుడు గంజి ఉడికినట్టు కుతకుతలాడుతోంది."

"నిజంగా?"

"మా నీళ్ల గురించి నేను అబద్ధం చెబుతానా?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తనను రమ్మన్న మనిషిని కలవాలన్నాడు. పేరు పెట్టి అడిగాడు.

అది కిందటి నెల పోయిన డార్లీన్ తాత పేరు. పోయినవాళ్ల పేరు అక్కడ ఎవరూ పలకరు.

"ఆ పేరెత్తకండి! ఇక బయల్దేరండి."

ఆయనకు అర్థమైంది. ఊట వైపు తిరిగి తల వంచి నిలబడ్డాడు.

"కాపలా అంటే ఇలాగే ఉండాలమ్మా," అని ట్రక్కెక్కాడు.

మధ్యాహ్నం వినీ అత్త పొగకు కొమ్మలు తెచ్చింది.

"ఎవరో వచ్చాడత్తా. తాత పేరు పెట్టి అడిగాడు. గేటు దాటనిస్తానా? నేనెవర్ని!"

"శభాషే! తాత మనవరాలివి అనిపించావు. ఎవరట?"

"హాల్వర్‌సన్ అట."

వినీ కొమ్మలు కింద పడేసింది.

"రాళ్లాయనే పిల్లా!"

రాళ్లాయన అన్న మాట డార్లీన్ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. తాత పెట్టిన పేరు అది. అసలు పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"గేటు తెరిచిన రోజున మొదట దిగేది ఆయనే, ఆ తర్వాతే మనం అని చెప్పి పోయాడే మీ తాత!"

డార్లీన్ బండి తీసింది. రోడ్డు చీలే చోటు దాకా వెళ్లింది. గాలికి టైరు జాడలు చెరిగిపోయాయి. బండి రేడియోలో ఆయన ట్రక్కును మూడుసార్లు పిలిచింది. జవాబు రాలేదు.

ఈ ఊటను ఎండిపోయేలా చేస్తున్నది తమ గని బోరేనని కోర్టులో చెప్పి, ఆ బోరు మూయించి, ఉద్యోగం పోగొట్టుకున్న గని ఇంజనీరు పేరు హాల్వర్‌సన్.