ఐదో ఓటు

ఓబుళేశుకు ఐదు ఓట్లు కావాలి. సాయంత్రం ఆరులోగా కావాలి. ఐదున్నరకు ఫోన్ నాలుగే చూపిస్తోంది.

పోయేది రెండు వందల చీనీ బత్తాయి చెట్లు. ఆరేళ్లు పెంచినవి. ఇదే మొదటి పెద్ద కాపు. బోరు సన్నగిల్లి, రోజుకు మూడు గంటల నీళ్లు సగం పాదులకే సరిపోతున్నాయి. ఇంకో మూడు గంటలు దొరక్కపోతే పదిహేను రోజుల్లో తోట మొత్తం వంటచెరకు.

కోయిలకుంట్ల దగ్గర ఒక వంక ఒడ్డున తొమ్మిది బోర్లు, తొమ్మిది మంది రైతులు. భూమి కింద నీళ్లు మాత్రం ఒకటే. ఒకడు ఎక్కువ తోడితే ఎనిమిది మందికి తగ్గుతాయి. అందుకని మోటార్లను గంటల లెక్కన నడిపి ఆపే స్మార్ట్ స్టార్టర్ పెట్టెలు బిగించుకున్నారు. మొదట్లో అవన్నీ ఆ తొమ్మిది మందిలో ఒకడైన దాసన్న ఫోన్ మాట వినేవి. దాసన్న తన బావమరిదికి రోజూ గంట ఎక్కువిచ్చాడు. అది బయటపడ్డాక మోటార్ల అంగడి కేశవులు శెట్టి కొత్త పెట్టెలు తెచ్చి అమ్మాడు. బ్లాక్‌చెయిన్ అన్నాడు.

"వీటికి పెద్ద అంటూ ఎవడూ ఉండడప్పా. ఒక పెట్టెలో రాసింది తొమ్మిదింట్లోనూ రాసుంటాది. ఐదు పెట్టెలు ఊ అంటేనే గంటలు పెరిగేది. మార్చాలంటే అమ్మిన నాతో కూడా కాదు."

ఎన్ని ఓట్లు పడ్డాయో ఫోన్లో అందరికీ కనిపిస్తుంది. ఎవరు వేశారో మర్నాడు పొద్దునగానీ కనిపించదు. మొహమాటాలు వద్దని వాళ్లే అలా పెట్టించుకున్నారు.

ఓబుళేశు తెల్లవారి ఐదున్నరకే ఫోన్లో అర్జీ పెట్టాడు. మొహం కడుక్కునొచ్చి ఆరు దాటాక చూస్తే ఒకటి చూపించింది. అర్జీ తనదే గనక తనదొకటి. ఇంకా నలుగురు. కండువా చేతుల్లో పట్టుకుని బయల్దేరాడు. అడిగేవాడు నిలబడాలి, చెయ్యెత్తేది ఎదుటివాళ్లు. ఊళ్లో ఎప్పటినుంచో అదే పద్ధతి.

నలుగురు ముఖం మీదే కాదన్నారు.

"నీకు మూడు గంటలు ఎక్కువైతే మాకు తక్కువ గదప్పా," అన్నాడు దాసన్న. "నన్ను దించినప్పుడు శానా న్యాయం మాట్లాడినావు. ఇప్పుడు ఆ న్యాయాన్నే అడుక్కో."

బాలస్వామి, వెంకటేశ్వరమ్మ, అవినాష్ అతని కళ్లముందే ఓటు ఒత్తారు. ఒకటి నాలుగైంది. మిగిలింది సొంత అన్న రామకృష్ణ. గట్టు తగాదాతో ఎనిమిదేళ్లుగా మాటల్లేవు.

రామకృష్ణ కొట్టంలో ఎద్దుకు మేత వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అన్నా, నీ ఓటొకటి పడితే..."

"పొద్దున్నే ఒత్తినా."

"ఏదీ, ఫోన్ చూపీ."

"ఎనిమిదేండ్లకు గడప తొక్కి నా ఫోన్ తనిఖీ చేస్తావా? నా మాట చాలదా?"

"నువ్వు ఒత్తింటే ఐదు కావాలగదన్నా! నాలుగే ఉండాది."

"అయితే పో. నీ పెట్టెనే అడుగు పో."

ఆరైంది. అర్జీ రద్దయింది. మళ్లీ అడగాలంటే నెల ఆగాలి. నెలకు అడిగేందుకు చెట్లుండవు.

ఓబుళేశు తనకు తోచిన లెక్క తేల్చాడు. నాకు లేని నీళ్లు నీకెందుకు? వెలుగుండగానే అన్న చేలోకి పోయి, బోరు మూత విప్పి, రెండు బుట్టల నాపరాతి ముక్కలు లోపలికి పోశాడు. ఐదు వందల అడుగుల బోరు. మోటారు అడుగున ఇరుక్కుంది. ఇక అది పైకి రాదు, ఆ బోరు బతకదు.

మర్నాడు పొద్దున ఓబుళేశు కోయిలకుంట్లలో కేశవులు శెట్టి అంగడి తలుపులు తీయకముందే వచ్చి నిలబడ్డాడు.

"ఓటేసినోళ్ల పేర్లు కాగితం మీద తీసియ్యి శెట్టీ."

"కాగితమెందుకప్పా?"

"మాయన్న బోరు పూడ్చినా. ఎందుకు పూడ్చినావురా అని రేపు పదిమంది అడుగుతారు. ఆయన అబద్ధం వాళ్లకు చూపీల."

కేశవులు తలుపులు తీసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొత్త బోరు వేస్తే కొత్త పెట్టె కావాలి కదా అనుకుంటూ మీట నొక్కాడు. కాగితం బయటికొచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని, పైనుంచి కింది దాకా వేలు పెట్టి చూసి చెప్పాడు:

"పొద్దున ఆరింటికే పడిన మొదటి ఓటు మీయన్నదప్పా; అర్జీ పెట్టి, ఓటు మాత్రం ఒత్తకుండా వదిలేసింది నువ్వే."