మొదటి వరుస

హైమవతి ఇల్లు చూసే చెప్పేస్తుందని ఉయ్యూరు మండలంలో పేరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని వెతికి జాబితాలో రాసే టీచరు ఆమె. మిగతా టీచర్లు గుమ్మంలో నిలబడి “మీ ఇంట్లో అలాంటి పిల్లలున్నారా?” అని అడుగుతారు. లేరంటే లేరని రాసుకుని, మజ్జిగ ఇస్తే తాగి వచ్చేస్తారు. హైమవతి అడగదు, చూస్తుంది.

ఈ విద్య ఏ ట్రైనింగులో నేర్పారని తోటివాళ్లు చాలాసార్లు అడిగారు. ఆమె చెప్పలేదు. డ్యూటీ కాకపోతే ఎవరి గడపా తొక్కదు, ఎవర్నీ తన గడప తొక్కనివ్వదు. పొగరని ఆఫీసులో తీర్మానించేశారు.

ఈ ఏడాది కొత్త ఫారాలొచ్చాయి. శనివారం ఆఖరు. పేరు ఎక్కిన పిల్లలకి టీచరు ఇంటికే వచ్చి నేర్పుతుంది. ఎక్కకపోతే మళ్లీ ఏడాది దాకా ఏమీ లేదు.

సోమవారం పొద్దున హైమవతి ఖాళీ ఫారం పట్టుకుని నేతవాళ్ల వీధిలో సుందరి ఇంటికి వెళ్లింది.

“మాకు ఇద్దరూ మగపిల్లలేనండీ. బడికెళ్లారు,” అంది సుందరి, అడక్కముందే.

దండెం మీద చిన్న గౌను ఆరుతోంది. టీవీ వీధి చివరిదాకా మోగుతోంది. చూసేవాళ్లెవరూ లేరు. లోపలిగది తలుపుకి గడియ బయటివైపు బిగించారు.

“పాప వయసెంతమ్మా?” అంది హైమవతి.

సుందరి టీవీ ఆపేసింది. “తొమ్మిదండీ. నాగదుర్గ,” అని గడియ తీసింది.

లోపల నాగదుర్గ నేల మీద కూర్చుని నూలు కండెల్ని రంగుల వారీగా పేరుస్తోంది. మాటలు రావు. కండె మాత్రం ఒక్కటీ తప్పు పడలేదు. హైమవతి ఫారం ముందుకు చాపింది.

“ఇంత తెలివిని గదిలో పెడతారా? పేరు రాయించండి.”

“రాయించనండీ.”

హైమవతి చెప్పాల్సినవన్నీ చెప్పింది. తప్పు తల్లిది కాదంది. దాస్తే నష్టం పిల్లకేనంది. ఎవరో ఏదో అంటారని ఎన్నాళ్లు తలుపులు మూస్తారంది. ఏడేళ్లుగా చెబుతున్న మాటలే కాబట్టి ఎక్కడా తడుముకోలేదు.

సుందరి ఫారం లాక్కుని చూసింది. “ఇందులో ఒక్క పేరూ లేదేంటండీ! మొదటిపేరు మా పిల్లదే అవ్వాలా? ఊరంతటికీ మాకొక్కళ్లకే పుట్టిందంటారు. ఎవరో ఒకళ్లని ముందు రాయించుకోనివ్వండి, నేనూ రాయిస్తా. అమ్మోరి మీద ఒట్టు.”

హైమవతి పెన్ను తీసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. ఇంట్లో కళ్లారా చూడనిదే ఏ పిల్లల పేరూ రాయని మనిషి, సుందరి గుమ్మంలో నిలబడే మొదటి వరుసంతా నింపేసింది, తల్లి సంతకంతో సహా.

“అనంతకృష్ణ, పదకొండేళ్లు,” కూడబలుక్కుని చదివింది సుందరి. “ఎవరండీ ఈ బాబు? ఎప్పుడూ చూళ్లేదే!”

“ఈ ఊరే.”

“వాళ్లమ్మ ఒప్పుకుందా?”

“ఒప్పుకుంది.”

“గట్టి మనిషేనండీ,” అని సుందరి రెండో వరుసలో సంతకం పెట్టింది.

శనివారానికి ఆ ఫారంలో పద్దెనిమిది పేర్లయ్యాయి. ప్రతి ఇంట్లోనూ తల్లులు ముందు మొదటి వరుసే చూశారు.

ఆ సాయంత్రం ఆఫీసరు సంజీవరావు హైమవతిని పిలిపించాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని తోటివాళ్లు చెవులు కొరుక్కున్నారు.

“ఈ అనంతకృష్ణ ఎవరండీ? అంగన్‌వాడీలో లేడు, ఏ బళ్లోనూ లేడు. తల్లి సంతకం చూస్తే అచ్చం మీ చేతిరాత. జనాన్ని నమ్మించడానికి దొంగపేరు రాశారు, అవునా?”

సంజీవరావు ఫారం ఆమె ముందుకి తోశాడు.

“ఉద్యోగం పోతుందండీ! పద్దెనిమిది పేర్లూ కొట్టేయాల్సొస్తుంది. ఆ పిల్లాణ్ణి ఇప్పటికిప్పుడు చూపించగలరా?”

హైమవతి సంచీలోంచి తాళంచెవి తీసి, “సంతకం నాదేనండీ, రండి, మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు,” అంది.