పేరెందుకమ్మా గారు

గోడకి చెవి ఆనించి లాభం లేదని తేలిపోయాక, నురగ బాబాయ్ గూఢచారి అవతారం ఎత్తాడు.

బాబాయ్‌ది ఇరవై రెండేళ్ల కాఫీ కొట్టు. కప్పు మీద బెత్తెడు నురగ నిలబెడతాడని వీధంతా కలిసి పెట్టిన పేరది. ఆర్నెల్ల క్రితం అదే బిల్డింగులో, గోడ పక్కనే, ప్రపంచమంతా కొట్లున్న పెద్ద కాఫీ కంపెనీ ఒకటి బ్రాంచి తెరిచింది. అద్దాల తలుపులు, కూర్చుంటే లేవబుద్ధి కాని సోఫాలు, చల్లటి ఏసీ. అప్పటి నుంచీ బాబాయ్‌కి కంటి మీద కునుకు లేదు.

అది చాలదన్నట్టు, బిల్డింగు ఓనరు వచ్చి బాంబు పేల్చాడు.

“ఆ కంపెనీ వాళ్ళు నెలాఖరుకి ఏ సంగతీ తేలుస్తారట. పెంచితే పెంచుతారు, లేదా ఎత్తేస్తారు. పెంచేట్టయితే నీ కొట్టు వాళ్ళకే ఇస్తా. తర్వాత నన్నేమీ అనుకోవద్దు.”

అనుకోవద్దట! ఇరవై రెండేళ్లు నిలబడి నిలబడి కాళ్ళు వాచినవాణ్ణి పట్టుకుని అనే మాటేనా అది?

“వాళ్ళ కిటుకేదో కనిపెట్టి తీరతాను. రోజూ మారువేషంలో వెళ్తాను,” అన్నాడు బాబాయ్ భార్యతో.

“మరి కొట్టు?”

“నువ్వు చూసుకో.”

“పోనీలెండి, నాకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది,” అంటూ పిన్ని, కూతురి స్కూలు నాటకానికి కొన్న మీసం వెతికిచ్చింది.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ వెనక గుమ్మం నుంచి బయటపడి, వీధంతా చుట్టి, నల్ల కళ్ళద్దాలతో కంపెనీ కొట్లో అడుగుపెట్టాడు. లోపల ఒక్క నరపురుగు లేదు. ఖాళీ కుర్చీలు చూసి మోసపోవడానికి తనేమన్నా వెర్రివాడా? జనాన్ని ఎక్కడో దాచుంటారు.

కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో పెన్ను పట్టుకుని నవ్వింది. “మీ పేరండీ?”

బాబాయ్ గతుక్కుమన్నాడు. ఈ గండం ఒకటుందని ఎవరనుకున్నారు? “పేరెందుకమ్మా?”

కస్టమరు ఏది చెబితే అదే కప్పు మీద రాయాలి, మారు మాట్లాడకూడదు. అది కంపెనీ రూలు. ఆ అమ్మాయి రూలు తప్పే రకం కాదు. రెండు నిమిషాల్లో కొట్టు దద్దరిల్లేలా పిలిచింది.

“పేరెందుకమ్మా గారూ! మీ కాఫీ!”

మధ్యాహ్నం శాలువా కప్పుకుని, మీసం అంటించుకుని మళ్ళీ వెళ్ళాడు. ఈసారి దొంగ పేరొకటి బట్టీ పట్టాడు గానీ, తీరా అడిగేసరికి అది కాస్తా మర్చిపోయాడు. “ఏదో ఒకటి రాయమ్మా!” అంటే, కప్పు మీద ‘ఏదో ఒకటి’ అనే రాసింది. సాయంత్రం టోపీతో వెళ్తే గొంతుకేదో అడ్డం పడి, దగ్గుతూ “ఉండమ్మా చెప్తా” అన్నాడు. అదీ రాసేసింది. మర్నాడు ఇంకో వేషం కట్టి, నోరు జారి “నిన్న చెప్పాగా!” అని నాలిక కరుచుకున్నాడు. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు.

“నిన్న చెప్పాగా గారూ! మీ కాఫీ!”

అలా నాలుగు వేషాలు, నాలుగు పేర్లు ఖాయమైపోయాయి. ఏ వేషానికి ఏ పేరో చీటీ రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. మూడు వారాలు ఒక్క పూట నాగా పెట్టలేదు. కిటుకు మాత్రం దొరకలేదు. ఇదివరకు దిగులుతో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు కాఫీతో పట్టడం లేదు. అంతే తేడా.

నెలాఖరున టై కట్టుకున్న పెద్ద మేనేజరొకాయన ఊడిపడ్డాడు. చంకలో నీలం ఫైలు. అట్ట మీద ‘ఈ బ్రాంచి భవిష్యత్తు’ అని ఇంతింత అక్షరాలు. ఆయన ఫైలు బల్ల మీద పడేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ పూట బాబాయ్ అదృష్టం కొద్దీ శాలువా వేషంలో ఉన్నాడు. ఫైలు శాలువాలోకి, బాబాయ్ తలుపు దగ్గరికి చిటికెలో చేరిపోయారు.

“ఏదో ఒకటి గారూ!”

వెనక నుంచి అమ్మాయి కేక. బాబాయ్ ఉన్నచోటే ఆగిపోయాడు.

“మీ మీసం కప్పులో ఉండిపోయిందండీ.”

“థాంక్సమ్మా,” అని మీసం పిండుకుని పరుగు లంకించుకున్నాడు.

తన కొట్లో చూస్తే ఇసకేస్తే రాలని జనం. “ఏంటే ఇదీ!” అని నోరెళ్ళబెట్టాడు.

“మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇంతేనండీ. చక్కగా సాగుతోంది,” అంటూ పిన్ని చెయ్యి తుడుచుకుని ఫైలు తెరిచింది. “‘పక్క కొట్టు పోటీకి తట్టుకోలేకపోతున్నాం. మనకి జనం రావడం లేదు. ఈ బ్రాంచి మూసేయాలి.’”

బాబాయ్ ఎగిరి గంతేశాడు. “చూశావా! ఇరవై రెండేళ్ల కొట్టు! మనతో పెట్టుకుంటారా!”

“ఆగండి, ఆగండి. ఇదంతా కొట్టేసి కింద ఇంకేదో రాశారు.” పిన్ని ఫైలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “‘పోయిన నెల రోజూ వచ్చే కస్టమర్లు సున్నా. ఈ నెల నలుగురు. ఈ ఊపు చూస్తే ఏడాదికి నాలుగు వేలు దాటేట్టున్నారు. కాబట్టి పక్క కొట్టు కూడా తీసుకుని బ్రాంచి పెంచుతున్నాం.’”

బాబాయ్ కూలబడ్డాడు. “ఎవరే ఆ నలుగురూ? నా కొంప ముంచిన దరిద్రులెవరే?”

పిన్ని పేజీ తిప్పి, పేర్లు ఒక్కొక్కటే చదివింది. “పేరెందుకమ్మా గారు, ఏదో ఒకటి గారు, ఉండమ్మా చెప్తా గారు, నిన్న చెప్పాగా గారు.”