ఫ్రీజర్‌లో పెట్టొద్దు

"ఫ్రీజర్‌లో పెట్టొద్దంటే పెట్టొద్దు!"

ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఆ పెద్దావిడ గట్టిగానే అంది. నలిగిన నేత చీర, చేతిలో హెల్మెట్, భుజాన ఖాళీ ఐసు పెట్టె.

ప్రియాంకకు ఒళ్ళు మండింది. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఈ ల్యాబ్‌లో ఆమె పీహెచ్‌డీకి ఇది ఐదో ఏడు. యాంటీబాడీల సంగతి సరుకు దించడానికి వచ్చిన మనిషా తనకు చెప్పేది!

"ఆంటీ, సీసా ఇచ్చారు, సైన్ చేశాను. ఇంక వెళ్ళండి."

"కింద ఫ్రిజ్‌లో పెట్టేది చూసి పోతాను. నువ్వు పైన ఫ్రీజర్ తలుపు తీస్తా ఉండావు గదమ్మా."

"యాంటీబాడీలన్నీ మేం ఫ్రీజర్‌లోనే పెడతాం."

"ఉత్తవి పెట్టుకో. దీనికి మెరిసే రంగు అతికించుండాది. గడ్డకడితే రంగు చస్తాది. సీసా మీదే రాసుండాది, చదువు."

చదవమనేసరికి ప్రియాంకకు ఇంకా కాలింది. చదివితే ఓడిపోయినట్టే. చదవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఆరేళ్ళ పాప రక్తం రాబోతోంది. పాపది అరుదైన జబ్బు. మధ్యాహ్నం మందు మొదలుపెడతారు. మందు పడ్డాక ఆ జబ్బు కణాలు రక్తంలో కనిపించవు. ఈలోపే ఈ సీసాలోని యాంటీబాడీ వాటికి అతుక్కుని మెరవాలి. అప్పుడే జబ్బు మూలం తెలిసేది, ప్రియాంక థీసిస్ పూర్తయ్యేది.

"నా పని నన్ను చేసుకోనివ్వండి ఆంటీ. శ్రీనూ!"

సెక్యూరిటీ శ్రీను పరుగెత్తుకొచ్చాడు.

"రాండమ్మా, బయటికి."

"చెయ్యి తియ్యప్పా, నాకు నడిచేది వస్తాది."

నాలుగడుగులు వేసి ఆవిడ వెనక్కి తిరిగింది.

"నన్ను బయటికి పంపినా అది గడ్డకట్టక మానదు తల్లీ. నా మీది కోపం దాని మీద చూపించొద్దు."

లిఫ్టు కిందికి దిగగానే ప్రియాంక సీసాను ఫ్రీజర్‌లోనే పెట్టింది. పంతం కొద్దీ బాగా లోపలికి తోసి మరీ పెట్టింది.

మర్నాడు పాప రక్తంలో ఆ యాంటీబాడీ కలిపి యంత్రంలో పెట్టింది. తెర మీద ఒక్క చుక్కా వెలగలేదు. మళ్ళీ చేసింది. మూడోసారికి రక్తం అయిపోయింది. టైము రెండు దాటింది. అక్కడ ఆస్పత్రిలో పాపకు మందు ఎక్కుతూనే ఉంది.

ఢిల్లీ మీటింగులో ఉన్న గైడు డాక్టర్ కరుణకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఈ యాంటీబాడీ తయారుచేసే చందాపుర కంపెనీ వాళ్ళు చచ్చిన సరుకు పంపారు. కంప్లయింట్ ఇద్దాం. ఆ డెలివరీ ఆంటీకి ఎంత పొగరనుకున్నారు! శ్రీనుతో బయటికి పంపించేశా."

"డెలివరీ ఆంటీ ఏంటి? ఎలా ఉంది?"

"అరవై పైనే ఉంటాయి. స్కూటర్ మీద వచ్చింది."



"ఫ్రీజర్‌లో పెట్టావా ప్రియాంకా?"

ప్రియాంక సీసా తిప్పి, దాని మీద రాసింది అప్పుడు చదివింది.

"ఆ కంపెనీ ఈ యాంటీబాడీ చెయ్యడం మానేసి ఏడాదైంది" అంది కరుణ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "దాన్ని కనిపెట్టిన సైంటిస్టు రిటైరై ఇంట్లో ఉంటే వెళ్ళి బతిమాలాను, ఆ పాప కోసమని నెల రోజులు మళ్ళీ ల్యాబ్‌లో కూర్చుని, ఉన్న ఆ ఒక్క సీసా చేసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా నీకు తనే తెచ్చిచ్చారు భాగీరథమ్మగారు."